వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఫ్లైట్ సిమ్‌లో వెనక్కి చూడటం: మెడ పట్టేయకుండా ఏం చేయాలి?

#1 తోకచుక్క109

అందరికీ నమస్కారం. క్వెస్ట్ 3 వీఆర్ హెడ్‌సెట్‌తో డీసీఎస్ అనే సిమ్‌లో ఎఫ్-16, ఐఎల్-2 అనే రెండో ప్రపంచయుద్ధ సిమ్‌లో జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109 నడిపేవాళ్ల సలహా కావాలి. డాగ్‌ఫైట్‌లో (విమానాల గాలిపోరులో) సగం సేపు వెనక్కి చూస్తూనే ఉండాలి. అరగంట దాటేసరికి ఎడమ వైపు పుర్రె కింద పట్టేస్తోంది. కుర్చీ తిరగనిది, స్టిక్కూ థ్రాటిలూ దానికే బిగించి ఉన్నాయి. హెడ్‌సెట్‌కి పెట్టెలో వచ్చిన గుడ్డ పట్టీయే వాడుతున్నా.

అడగాల్సినవి మూడు. వెనక బరువు కడితే నిజంగా తేడా ఉంటుందా? నెక్‌సేఫర్‌లో (తల కొంచెం తిప్పితే దృశ్యాన్ని ఇంకా ఎక్కువ తిప్పే సాఫ్ట్‌వేర్) కోణాలు ఎంత పెట్టాలి? అసలు మెడ తిప్పడానికి సరైన పద్ధతి అంటూ ఉందా?

#2 పక్కగాలి

మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడదాం అన్నా, మిగతా రెండూ దాని మీదే ఆధారపడతాయి.

విమానం ముక్కు 0 డిగ్రీలు, తోక 180 అనుకోండి. పెద్దవాళ్ల మెడ ఒక్కో పక్కకి 70 నుంచి 80 డిగ్రీల దాకా తిరుగుతుంది. అది ఆఖరి హద్దు. పది సెకన్లు అక్కడే నిలిపి, మళ్లీ మళ్లీ అదే పని చేయడానికి పనికొచ్చే కోణం కాదు. ఇబ్బంది లేకుండా వాడుకోగలిగింది 45, 50 వరకే. నడుము, భుజాలు కలిసి ఇంకో 35 నుంచి 40 ఇస్తాయి. కళ్లు 25 నుంచి 30. మొత్తం కలిపితే 120 దగ్గరికి వస్తాం. హెడ్‌సెట్ అడ్డ వెడల్పు క్వెస్ట్ 3లో 110 డిగ్రీలు కాబట్టి, ఆ 120కి అవతల ఇంకొంచెం దాకా కదలిక కనుకొనలో తెలుస్తుంది. శత్రువు తోక దగ్గర ఉన్నాడా లేడా అని పసిగట్టడానికి అది చాలు. తేరిపార చూడటానికి చాలదు.

చాలామంది చేసే తప్పు వరస తప్పడం. ముందు మెడని హద్దు దాకా తిప్పేసి, అప్పటికీ కనపడకపోతే భుజం కదుపుతారు. వరస దీనికి తిరగబడాలి: ముందు కళ్లు, తర్వాత తుంటి, భుజాలు, చివర్లో మెడ.

ఎడమ వెనక్కి చూడాలంటే కుడి తుంటిని సీటు మీద రెండు మూడు అంగుళాలు ముందుకి జరపండి. ఎడమ చేతిని థ్రాటిల్ మీంచి తీసి కుర్చీ వీపు అంచు పట్టుకుని లాగండి. దాంతో మొండెం తిరుగుతుంది, మెడకి మిగిలేది కాస్తే. కుడి వెనక్కి అయితే ఎడమ చెయ్యి ఛాతీ మీదుగా వెళ్లి కుడి చేతిపట్టె పట్టుకోవాలి. ఎఫ్-16లో స్టిక్ కుడి పక్కన ఉంటుంది. కుడికి తిరిగినప్పుడు భుజం వెనక్కి పోయి చెయ్యి స్టిక్ మీంచి జారబోతుంది. అందుకే ఆ వైపు ఎక్కువ కష్టం. స్టిక్ బిగింపుని 4, 5 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది.

ఊతం కోసం రడ్డర్ పెడల్ తన్నొద్దు, విమానం పక్కకి జారుతుంది. మడమ నేలకి ఆనించి తోయండి.

నిజమైన ఎఫ్/ఎ-18లో పందిరి (కాక్‌పిట్ గాజు మూత) చట్రానికి పిడులు ఉంటాయి, పైలట్లు వాటిని పట్టుకునే ఒళ్లు తిప్పుతారు. ఇంట్లో ఒక అంగుళం పీవీసీ గొట్టం, రెండు ఎల్బోలు, రెండు క్లాంపులు ఉంటే అలాంటి పిడి తయారవుతుంది. తిరగని కుర్చీ ఉన్నవాళ్లకి ఇంత చవకగా ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

#3 వెన్నుపూస

పక్కగాలి గారు చెప్పిన వరసకి శరీరపరంగా కారణం ఉంది. మెడ పక్కకి తిరగడంలో దాదాపు సగం పైనున్న మొదటి రెండు వెన్నుపూసల మధ్యే జరుగుతుంది. నొప్పి పుర్రె కింద మొదలవడం అందుకే.

ఒక పరీక్ష చేసి చూడండి. వీపు గూనిగా వంచి, గడ్డం ముందుకి పెట్టి మెడ తిప్పండి. ఎంత దాకా వెళ్లిందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు నిటారుగా కూర్చుని, గడ్డాన్ని కొద్దిగా లోపలికి తీసుకుని మళ్లీ తిప్పండి. రెండోసారి ఎక్కువ తిరుగుతుంది, తేలిగ్గా కూడా తిరుగుతుంది. హెడ్‌సెట్ బరువు గడ్డాన్ని ముందుకి లాగుతుంది, పోరాటంలో ఉత్సాహం ఒంటిని ముందుకి వంచుతుంది. ఆ భంగిమలో వెనక్కి చూడబోతే మెడకి ఉన్న అవకాశమే తగ్గిపోతుంది.

అన్నింటికంటే చెడ్డది పక్కకి తిప్పి, పైకెత్తి, ఒరిగించి, మూడూ ఒకేసారి చేయడం. మలుపులో పైన వెనకున్న శత్రువుని చూసేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. నరాలు బయటికొచ్చే సందులు ఆ వైపున ఇరుకవుతాయి. ఈ కలయికని తప్పించడానికి పైకి చూడాల్సిన భాగాన్ని వీపుతో చేయాలి. కుర్చీ వీపు 10, 15 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే తల ఎత్తాల్సిన పని తగ్గుతుంది. అసలు ఎఫ్-16 సీటే 30 డిగ్రీలు వాలి ఉంటుంది.

చేతిలోకి తిమ్మిరి, వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉండటం, పట్టు సడలడం, తల తిప్పినప్పుడు కళ్లు తిరగడం: వీటిలో ఏది కనిపించినా సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోకండి. ఆట ఆపి డాక్టర్‌కి చూపించుకోవాలి.

#4 తూకంరాయి

మొదటి ప్రశ్నకి నా జవాబు: వెనక బరువు పనిచేస్తుంది.

తల బరువు సుమారు 4.5 కిలోలు. దాని గరిమనాభి మెడ కీలుకి దాదాపు 2 సెంటీమీటర్లు ముందుంటుంది. అంటే మెడ వెనక కండరాలు ఎప్పుడూ 4.5 × 2 = 9 కిలో-సెంటీమీటర్ల లాగుడుని మోస్తూనే ఉన్నాయి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. అందులో చాలా భాగం కీలుకి 12 సెంటీమీటర్ల ముందు వేలాడుతుందనుకుంటే ఇంకో 6 చేరుతుంది. బరువు పెరిగింది తొమ్మిదో వంతే, లాగుడు మాత్రం మూడింట రెండొంతులు పెరిగింది. కొలతలు మనిషిని బట్టి మారతాయి, కానీ నిష్పత్తి అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది.

వెనక 10 సెంటీమీటర్ల దూరంలో 200 గ్రాముల బ్యాటరీ పెడితే ఆ 6లో 2 తగ్గుతుంది. బుగ్గల మీద ఒత్తిడి తగ్గడం దీనికి అదనం.

గుడ్డ పట్టీ ముందు మార్చండి. తలకి వెనక గట్టి ఊతం, నడినెత్తి మీదుగా పట్టీ ఉన్న రకం కావాలి. తొడిగేటప్పుడు అన్ని పట్టీలూ వదులు చేసి, వెనక ఊతాన్ని పుర్రె వెనక ఉబ్బెత్తు ఎముకకి కింద కూర్చోబెట్టండి. తర్వాత నెత్తి పట్టీ లాగండి. బుగ్గల మీద బరువు తేలిపోయినట్టు అనిపించాలి. పక్క పట్టీలు అన్నిటికంటే చివర, హెడ్‌సెట్ ఊగకుండా ఉండేంతే. పక్క పట్టీలతో బరువు మోయించబోతే కణతలు నొక్కుకుపోతాయి, మెడ తెలియకుండానే బిగుసుకుంటుంది.

#5 సిక్స్‌చెక్

తూకంరాయి గారితో సగమే ఏకీభవిస్తా. మీ లెక్క తల కదలకుండా ఉన్నప్పటిది. డాగ్‌ఫైట్‌లో తలని సెకనులో అటూ ఇటూ తిప్పుతాం. అక్కడ పనిచేసేది జడత్వం, అది దూరం వర్గంతో పెరుగుతుంది. ముందు 500 గ్రాములు 12 సెంటీమీటర్లలో ఉంటే 0.5 × 144 = 72. వెనక 200 గ్రాములు అదే దూరంలో చేరిస్తే ఇంకో 29 కలుస్తుంది. తల తిప్పడం మొదలుపెట్టడానికీ, ఆపడానికీ హెడ్‌సెట్ వంతు శ్రమ 40 శాతం పెరిగినట్టు. ఆపే కుదుపే మర్నాడు నొప్పిగా తెలుస్తుంది.

యుద్ధవిమానాలు నడిపేవాళ్లు గ్రాములు తగ్గించడం మీద దృష్టి పెట్టాలి. బిగ్‌స్క్రీన్ బియాండ్ 127 గ్రాములే, వాల్వ్ ఇండెక్స్ 809. ఈ రెండింటి మధ్య తేడాని ఏ ఎదురుబరువూ పూడ్చలేదు.

నిజం పైలట్లకీ ఇదే బాధ. ఎఫ్-35 హెల్మెట్ బరువు ప్రాణాలు దక్కించుకోవడానికి సీటుతో సహా బయటికి ఎగిరే క్షణంలో మెడకి ప్రమాదమని 2015లో 136 పౌండ్ల కంటే, అంటే 62 కిలోల కంటే తక్కువున్న పైలట్లని ఆ విమానం నడపనివ్వలేదు. తేలికైన హెల్మెట్, సీటులో మార్పులు వచ్చాకే ఆ ఆంక్ష ఎత్తేశారు.

#6 తూకంరాయి

ఒప్పుకుంటా, జడత్వం నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే దారి ఉంది. వెనక బరువుని తలకి వీలైనంత దగ్గరగా, పలచగా పెట్టాలి. పొడుచుకొచ్చే బ్యాటరీ కన్నా పుర్రెకి అంటుకుని ఉండే 100, 120 గ్రాములు మేలు. ఎదురుబరువు సరిగ్గా తూగాలని పట్టుబట్టక్కర్లేదు, ముందు లాగుడులో పావు వంతు తగ్గితే చాలు.

ఇంకోటి: కుర్చీకి తల ఆనించే దిండు ఉంటే వెనక బ్యాటరీ దానికి తగిలి తలని ముందుకి తోస్తుంది. అప్పుడు ఎదురుబరువు చేసే మేలంతా పోతుంది. దిండు తీసేయండి.

ఒక్క మాటలో అడిగితే, సెస్నా, ఎయిర్‌బస్ నడిపేవాళ్లకి ఎదురుబరువు. ఎఫ్-16, 109 నడిపేవాళ్లకి తక్కువ బరువు.

#7 ఓపెన్‌లేయర్

రెండో ప్రశ్న నాకు వదిలేయండి.

నెక్‌సేఫర్ రెండు రకాలు, రెండూ ఉచితమే. వీఆర్‌నెక్‌సేఫర్ ఓపెన్‌వీఆర్‌తో నడిచే ఆటలకి. ఎక్స్‌ఆర్‌నెక్‌సేఫర్ ఓపెన్‌ఎక్స్‌ఆర్‌తో నడిచేవాటికి. (ఇవి రెండూ ఆటని హెడ్‌సెట్‌కి కలిపే పద్ధతులు.) డీసీఎస్, ఎంఎస్‌ఎఫ్‌ఎస్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్)లకి రెండోది. ఐఎల్-2ని నేరుగా స్టీమ్‌వీఆర్‌లో నడిపితే మొదటిది, ఓపెన్‌కంపోజిట్ (ఓపెన్‌వీఆర్ ఆటల్ని ఓపెన్‌ఎక్స్‌ఆర్‌కి మళ్లించేది) మీదుగా నడిపితే రెండోది. పెట్టాల్సింది ఒకటి, పెట్టింది ఇంకోటి అయితే ఏమీ జరగదు. "పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో ముందుగా చూడాల్సింది ఇదే.

పనిచేసే తీరు రెండు విధాలు. ఒకటి, బటన్ నొక్కితే దృశ్యం మీరు చెప్పిన కోణం మేర పక్కకి తిరుగుతుంది. రెండోది, తల ఒక కోణం దాటగానే దానంతట అదే తిరుగుతుంది. ఇందులో మెట్టుమెట్టుగా తిరిగేది, నున్నగా తిరిగేది అని మళ్లీ రెండు.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు పెట్టుకోండి. బటన్ పద్ధతి అయితే ఒక్కో పక్కకి 50 డిగ్రీలు. ఎడమ, కుడి బటన్లు స్టిక్ మీద బొటనవేలికి అందే చోట. నొక్కి ఉంచినంతసేపే తిరిగి ఉండేలా పెట్టండి. మళ్లీ నొక్కితే వెనక్కొచ్చే పద్ధతిలో గందరగోళం మధ్య ఏ స్థితిలో ఉన్నామో మర్చిపోతాం.

మెట్ల పద్ధతి అయితే 55 డిగ్రీల దగ్గర మొదలై 30 కలపాలి, వెనక్కి రావడం 45 దగ్గర జరగాలి. ఈ 10 డిగ్రీల ఎడం చాలా ముఖ్యం. రెండు కోణాలూ ఒకటే పెడితే తల ఆ గీత మీద ఉన్నప్పుడు దృశ్యం అటూ ఇటూ గెంతుతుంది, నిమిషంలో వికారం వస్తుంది. రెండో మెట్టు కావాలంటే 70 దగ్గర ఇంకో 20.

తిప్పడంతో పాటు పక్కకి జరిపే సెట్టింగు కూడా ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. 109లో తల వెనక ఉక్కు పలక అడ్డు. నిజంగా అయితే తల పక్కకి వాల్చి పలక అంచు దాటి చూడాలి. తిప్పినప్పుడు 10 నుంచి 15 సెంటీమీటర్లు పక్కకి జరిగేలా పెడితే ఒరగాల్సిన పని తప్పుతుంది. వెన్నుపూస గారు చెప్పిన చెడ్డ కలయికలో ఒక భాగం అలా పోతుంది. ఐఎల్-2లో కొన్ని 109 రకాలకి ఆ పలక బదులు గాజుది పెట్టుకునే ఎంపిక ఉంటుంది, అది వాడండి.

#8 తోకచుక్క109

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. మెట్లు కాకుండా నున్నగా తిరిగేది పెడితే సహజంగా ఉండదా? గెంతితే శత్రువు ఎటు పోయాడో తెలియదేమో.

#9 సిక్స్‌చెక్

నున్నగా అంటే మీరు 1 డిగ్రీ తిప్పితే దృశ్యం 1.5 తిరుగుతుంది. లోపలి చెవి ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకోటి చెబుతాయి. ఆ తేడా ఉన్నంతసేపూ వికారం పేరుకుంటుంది. మెట్టు అయితే ఒక్క ఫ్రేములో దూకుతుంది, కదలిక అన్నది కంటికి కనపడదు కాబట్టి తేడా పట్టించుకునే వ్యవధి ఉండదు.

అయితే ఎంత దాకా తెలియకుండా పెంచొచ్చు అన్నది 2010లో వచ్చిన ఒక పరిశోధనలో కొలిచారు. దృశ్యం తిరగడం అసలు కన్నా సుమారు 1.24 రెట్లు ఉన్నా జనం గుర్తుపట్టలేకపోయారు. ఆ పరీక్ష నిలబడి ఒళ్లంతా తిప్పేవాళ్ల మీద చేసింది, కూర్చున్న మెడకి అచ్చంగా అదే వర్తిస్తుందనుకోవద్దు. కానీ నున్నగా తిరిగేది కావాలనుకుంటే 1.2 దగ్గర మొదలుపెట్టడానికి అది మంచి ఆధారం. అదీ 40 డిగ్రీలు దాటాకే పెంచండి, ముందు వైపు గురిపెట్టే చోట 1 గానే ఉండాలి. 1.2తో మీకొచ్చే లాభం తక్కువే. 1.5కి వెళ్తేగానీ తోక కనపడదు, 1.5 దగ్గర చాలామంది కడుపు ఊరుకోదు.

గెంతినప్పుడు దారి తప్పడం మొదటి మూడు నాలుగు రోజులే. రెక్క కొసని గుర్తుగా పెట్టుకోండి. మెట్టు పడగానే కన్ను ముందు రెక్క మీదికి, అక్కణ్ణుంచి తోక మీదికి వెళ్లాలి.

#10 మబ్బులదారి

ఎంఎస్‌ఎఫ్‌ఎస్ వాళ్ల సంగతి కూడా చెప్పండి. మాకు వెనక శత్రువు ఉండడు, ఏ320 నెత్తి మీది స్విచ్చుల వరస ఉంది. సెస్నా 172తో ఎడమ సర్క్యూట్‌లో (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) రన్‌వే వైపు మళ్లే బేస్ మలుపు కూడా.

#11 పక్కగాలి

బేస్ మలుపు ముందు చెప్తా. డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకి ఎదురుగా వెళ్లే భాగం) రన్‌వే అంచు రెక్కకి 45 డిగ్రీలు వెనకపడినప్పుడు తిరుగుతాం. ముక్కు నుంచి లెక్కేస్తే 135. కళ్లు 30, ఒళ్లు 40, మెడ 65. ఒక్క చూపుకి పర్వాలేదు, నిలిపి ఉంచొద్దు. రెండు సెకన్లు చూడటం, ముందుకి రావడం, మళ్లీ చూడటం. నిజం విమానంలో కూడా అక్కడే చూస్తూ కూర్చుంటే ఎత్తూ వేగమూ జారిపోతాయి.

నెత్తి మీది ప్యానెల్‌కి తల వెనక్కి విరచొద్దు. ముందు బరువుతో తల పైకెత్తడం మెడకి చాలా చెడ్డ పని. తుంటి దగ్గర్నుంచి వెనక్కి వాలండి, కళ్లు పైకెత్తండి. ఏపీయూ (సహాయక ఇంజన్), బ్యాటరీలు, ఇంధన పంపులు, లైట్లు, అన్నీ ఒకే విడతలో ముగించండి. ప్రతి స్విచ్చుకీ ఒక్కోసారి తల ఎత్తకండి. ఎక్కువగా వాడే ల్యాండింగ్ లైట్లు, సీట్‌బెల్ట్ గుర్తు లాంటివి థ్రాటిల్ బటన్లకి కట్టేసుకోండి.

కిందికి చూడటం గురించి ఎవరూ అనట్లేదు. హెడ్‌సెట్‌లో కింది అంచు నిజం చూపు కన్నా ముందే ఆగిపోతుంది కాబట్టి, కళ్లు దించితే సరిపోయే చోట గడ్డం దించాల్సి వస్తుంది. సీటు స్థానాన్ని 3, 4 సెంటీమీటర్లు వెనక్కి జరపండి. ముందు ప్యానెల్ మీటర్లు దూరమై పైకొచ్చినట్టు కనిపిస్తాయి. డీసీఎస్‌లో నీబోర్డు (నోట్స్, మ్యాపులు ఉండే పలక) తొడ మీద ఉంటుంది, ఓపెన్‌నీబోర్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పందిరి అంచు ఎత్తుకి తెచ్చుకోవచ్చు.

#12 అద్దాలమేడ

కళ్లు 30 డిగ్రీలు అని లెక్కలు వేస్తున్నారు, అది అన్ని హెడ్‌సెట్లలో దొరకదు. క్వెస్ట్ 2, రివర్బ్ జీ2 లాంటి ఫ్రెనెల్ కటకాల్లో నడుమ భాగమే పదునుగా ఉంటుంది. కళ్లు పక్కకి తిప్పితే మసక. దాంతో మనిషికి కళ్లు కదపడం మానేసి ప్రతిదానికీ ముక్కు తిప్పే అలవాటు పడుతుంది. క్వెస్ట్ 3లో పాన్‌కేక్ కటకాలు, అంచు దాకా దాదాపు పదునే. ఫ్రెనెల్ నుంచి మారినవాళ్లు పాత అలవాటు వదిలించుకోవాలి: తల కదపకుండా ఎడమ ఎంఎఫ్‌డీ (ముందు ప్యానెల్ మీది తెర) నుంచి కుడి ఎంఎఫ్‌డీకి కళ్లతోనే వెళ్లడం రోజూ కాసేపు సాధన చేయండి.

దీనికి అడ్డం పడే సెట్టింగు ఒకటుంది. ఫ్రేముల కోసం ఫోవియేటెడ్ రెండరింగ్ (ఒక భాగాన్ని పదునుగా, మిగతాది తక్కువ పదునుతో గీయడం) పెడతారు. కంటి చూపుని పట్టే హెడ్‌సెట్‌లో అది చూపుతో పాటు కదులుతుంది. క్వెస్ట్ 3లో ఆ సౌకర్యం లేదు, పదును తెర నడుమే ఆగిపోతుంది. పదునైన భాగాన్ని మరీ చిన్నది చేశారంటే మంచి కటకాలు కొని మళ్లీ ఫ్రెనెల్ కాలానికి వెళ్లినట్టే. ఈ పని చేసే క్వాడ్‌వ్యూస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగాన్ని అడ్డంగా కాస్త వెడల్పు చేసి, ఆ మేరకు వేరే చోట, అంటే నీడలు, మబ్బుల దగ్గర తగ్గించుకోండి.

డీసీఎస్‌లో దూరంగా ఉన్నదాన్ని చూడటానికి ఒళ్లు ముందుకి వంచొద్దు. వీఆర్ జూమ్ అని బటన్ ఉంది, స్టిక్‌కి కట్టుకోండి.

#13 నూలుదారం

వైరు గురించి. 5 మీటర్ల లింక్ తీగ భుజం మీంచి ముందుకి పడితే ప్రతి మలుపులో తలని ఒక వైపు లాగుతుంది. తోకచుక్క గారికి ఎడమ వైపే పట్టేయడానికి ఇది కూడా కారణం కావచ్చు, క్వెస్ట్ 3కి తీగ ఎడమ పక్కనే తగులుతుంది. తీగని వెనక పట్టీకి ఒక క్లిప్పుతో కట్టండి. అక్కణ్ణుంచి కుర్చీ వీపు పైఅంచుకి, మధ్యలో 40, 50 సెంటీమీటర్ల వదులు. తల రెండు వైపులా పూర్తిగా తిప్పి ఎక్కడా బిగుసుకోకుండా చూసుకోండి.

ఎండాకాలంలో విజయవాడ, హైదరాబాద్ వాళ్లకి ఇంకో చిక్కు. చెమటకి ముఖం మీది మెత్త జారుతుంది, జారినకొద్దీ పట్టీలు బిగిస్తారు, బిగించినకొద్దీ మెడ పట్టేస్తుంది. జారితే బిగించకండి, తుడవండి. తుడిస్తే ఆరిపోయే రకం మెత్త వేసుకోండి, చిన్న ఫ్యాను ఎదురుగా పెట్టండి.

#14 వెన్నుపూస

వ్యాయామం గురించి అడిగేవాళ్లకి రెండే చాలు. గడ్డం లోపలికి తీసుకుని 5 సెకన్లు ఉంచడం, 10 సార్లు. అరచేతిని నుదుటికి, తర్వాత ఒక్కో కణతకి, తల వెనక ఆనించి, తల కదలకుండా చాలా కొద్ది బలంతో 6 నుంచి 10 సెకన్లు తోయడం, ఒక్కో వైపు 5 సార్లు. ఆడబోయే ముందు నెమ్మదిగా అటూ ఇటూ నాలుగైదు సార్లు తిప్పి ఒళ్లు వేడెక్కించండి. తలని గుండ్రంగా గిరగిరా తిప్పొద్దు, టక్కుమనిపించొద్దు. 30, 40 నిమిషాలకొకసారి హెడ్‌సెట్ తీసి లేచి నిలబడండి. పట్టేసిన రోజున ఆట మానేయండి.

#15 తోకచుక్క109

పట్టీ మార్చాను, తీగ కుర్చీ వీపుకి కట్టాను, నెక్‌సేఫర్ 55, 30, 45 పెట్టాను. ఒక్క ఇబ్బంది: కాసేపటికి కాక్‌పిట్ మొత్తం పక్కకి తిరిగిపోయి ఉంటోంది. ముందుకి చూస్తుంటే సైడ్ కన్సోల్ ఎదురవుతోంది.

#16 ఓపెన్‌లేయర్

దృశ్యం తిరిగి ఉన్నప్పుడు రీసెంటర్ (ఇప్పుడు చూస్తున్నదే ముందు అని ఆటకి చెప్పే బటన్) నొక్కారు. ఆ 30 డిగ్రీలని ఆట "ముందు" అనుకుని పెట్టేసుకుంది. తలని నేరుగా పెట్టి, నెక్‌సేఫర్ మెట్టు దిగిందని చూసుకుని, అప్పుడు డీసీఎస్‌లో నంబర్‌ప్యాడ్ 5 నొక్కండి. ఎంఎస్‌ఎఫ్‌ఎస్ అయితే స్పేస్ బార్. రీసెంటర్‌ని స్టిక్ మీద నెక్‌సేఫర్ బటన్ పక్కన పెట్టుంటే వేరే చోటికి మార్చండి.

రీసెంటర్ చేసేటప్పుడు నిటారుగా, గడ్డం లోపలికి పెట్టి కూర్చోండి. వంగి కూర్చుని నొక్కితే కాక్‌పిట్ ఆ వంగిన తల చుట్టూ కుదురుకుంటుంది, తర్వాత నిటారుగా కూర్చుంటే హడ్ (కళ్లకెదురుగా అంకెలు చూపే గాజు) కనపడక మళ్లీ వంగుతారు.

చేతి ట్రాకింగ్ వాడేవాళ్లు కూడా ఒకటి గమనించండి: దృశ్యం తిరిగి ఉన్నప్పుడు చెయ్యి నిజంగా ఉన్న చోటు, కంటికి కనిపించే కాక్‌పిట్ సరిపోవు. స్విచ్చులు నొక్కే పని మెట్టు దిగాకే.